డిగ్గ్‌డ్ అని రాస్తే తప్పేంటి?

ఆదివారం పొద్దున్నే పెరట్లో మునగ కొమ్మ నాటుదామని గడ్డపార పట్టుకున్నా. అడుగు లోతు పోయిందో లేదో ఠంగుమంది. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ పూడ్చిపోయిన కడప బండ ముక్కలు! ఇంట్లో నేలకీ, మెట్లకీ, వంటింటి గట్టుకీ ఆ బండే, ఇప్పుడు చెట్టు పెట్టుకుందామన్నా అదే అడ్డం.

పక్కన అరుగు మీద మా అన్న కూతురు, ఆరో తరగతి, వర్బులు బట్టీ కొడుతోంది. గో వెంట్ గాన్, ఈట్ ఏట్ ఈటెన్. మేం చదివిన రాగమే, ఇంకా మారలేదు.

"చిన్నాయనా, నువ్వు చేసే పనే నాకు తప్పొచ్చింది" అని నోటుబుక్కు చూపించింది. డిగ్, డిగ్గ్‌డ్, డిగ్గ్‌డ్. ఎర్ర ఇంకుతో కొట్టేసి, డగ్ అని పదిసార్లు రాయమన్నారంట. నేను కూడా పెద్దమనిషిలాగా "డగ్గే కరెక్టమ్మా" అనేసి రాయి పెకలించే పనిలో పడ్డా.

రాత్రి వెతికితే తెలిసింది, పాప రాసింది ఒకప్పుడు ఒప్పే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఇస్సాకు తన తండ్రి కాలంనాటి బావుల్ని మళ్లీ తవ్వించే చోట ఉన్నది డిగ్గ్‌డ్. స్టిక్‌కి స్టక్ ఉంది కదా, ఆ వరసలోనే జనం నోట్లో డగ్ అయి, చివరికి అదే నిలబడింది. నాకు నచ్చింది ఏమంటే, మామూలుగా జరిగేది దీనికి తిరగబడి. 2007లో నేచర్ పత్రికలో ఒక లెక్క వేశారు: పాత ఇంగ్లీషులో రూల్ తప్పిన 177 క్రియలు తీసుకుని చూస్తే వాటిలో ఇప్పటికీ అలాగే ఉన్నవి 98, మిగతావి ఈడీ తగిలించుకుని దారికొచ్చేశాయి. హెల్ప్‌కి కూడా హోల్ప్ అని ఉండేది, పోయింది. గో, కమ్ లాంటివి రోజంతా నోట్లో నానుతుంటాయి కాబట్టి వాటి జోలికి ఎవరూ పోలేదు. డిగ్ ఒకటి, బుద్ధిగా ఉండి ఉండి చెడిపోయిన బాపతు.

మన తెలుగేమన్నా తక్కువా? తవ్వు, తవ్వాను, తవ్వలేదు, బాగానే ఉంది. అదే 'రా' తీసుకోండి: వస్తాను, వచ్చాను, రాలేదు. 1820లో ఉద్యోగం మీద మా కడపకొచ్చి తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌన్ దొర దీని దగ్గర ఎన్నిసార్లు తల పట్టుకున్నాడో! 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువే అచ్చేయించాడనుకోండి, అది వేరే సంగతి. మనకి మాత్రం ఇది ఎవరూ పదిసార్లు రాయించలేదు.

కొమ్మ సంగతి మర్చిపోయా. మోకాలి లోతు గుంత అయ్యేసరికి ఎండెక్కింది. నాలుగడుగుల కొమ్మ నిలబెట్టి మట్టి తొక్కాక, మా అమ్మ వచ్చి పైన కోసిన చోట పేడ ముద్ద అంటించింది, అది లేకపోతే కొన ఎండిపోతుందని. నీళ్లు ఎక్కువ పోస్తే మొదలు కుళ్లుతుందని బిందె కూడా లాక్కుంది.

పన్నెండో రోజుకి పేడ కింద పచ్చగా రెండు మొటిమల్లాంటివి లేచాయి. పాప చూసి "గ్రో, గ్రూ" అని ఆగింది. గ్రోన్ అనడానికి ఇంకా టైముందంట.