టొరంటోలో రెండంతస్తుల వంతెన

కాజిల్ ఫ్రాంక్ స్టేషన్‌లో సబ్‌వే (భూగర్భ రైలు) దిగి బ్లూర్ వీధి వెంట తూర్పుకు నడిస్తే, కాసేపటికే రెండు పక్కలా నేల మాయమవుతుంది. అదే ప్రిన్స్ ఎడ్వర్డ్ వయాడక్ట్, అంటే లోయ మీది పొడవాటి వంతెన. ఊళ్లో వాళ్లకు మాత్రం అది బ్లూర్ వయాడక్ట్. నలభై మీటర్ల కింద డాన్ నది. నది సన్నదే కానీ లోయ చాలా పెద్దది. అక్టోబరు కదా, చెట్లన్నీ ఎరుపు, పసుపు. వాటి మధ్య రైలు పట్టాలు, పార్క్‌వే అనే పెద్ద రహదారి మీద తెంపు లేకుండా కార్లు.

వంతెనకు రెండు వైపులా సన్నని ఉక్కు కడ్డీల తెర ఉంది. ఇక్కడి నుంచి దూకి చాలామంది ప్రాణాలు తీసుకోవడంతో 2003లో కట్టారు. చూపుకు కొంచెం అడ్డమే. అయినా అది ఉండాల్సిందే.

నేను వెళ్లింది అసలు కింది అంతస్తు కోసం. 1918లో వంతెన తెరిచినప్పుడే రోడ్డు కింద రైళ్ల కోసం చోటు వదిలారు. అప్పటికి టొరంటోలో సబ్‌వే అన్నదే లేదు, మొదటిది వచ్చింది 1954లో. వంతెన ఆర్కిటెక్ట్ ఎడ్మండ్ బర్క్. నగర పనుల కమిషనర్ ఆర్.సి. హారిస్ ఆ కింది అంతస్తు కావాలని పట్టుబట్టాడు. లేని రైలుకు ఇప్పుడే ఖర్చెందుకన్న వాళ్లూ ఉన్నారు. చివరికి 1966లో రైలు వచ్చింది, 48 ఏళ్ల తర్వాత! లోయ మీద మళ్లీ కొత్త వంతెన కట్టే పని తప్పింది. పక్కనే రోజ్‌డేల్ లోయ మీది భాగంలోనూ ఇలాగే చోటు వదిలారు కానీ, మలుపు మరీ ఎక్కువ కావడంతో రైలు అటు వెళ్లలేదు. దానికి వేరే వంతెన కట్టారు. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. అయినా హారిస్ మీద నాకు గౌరవం తగ్గలేదు.

బ్రాడ్‌వ్యూ దాకా నడిచి, వెనక్కి రైల్లో వచ్చాను. సొరంగంలోంచి ఒక్కసారిగా వెలుతురు, ఉక్కు దూలాల సందుల్లోంచి లోయ. నిమిషం కూడా ఉండదు, అందుకే కిటికీ పక్క సీటు చూసుకోవాలి. తోటి ప్రయాణికులు ఫోన్ల మీంచి తల ఎత్తలేదు, వాళ్లకిది రోజూ ఉండేదే.

వెళ్లేవాళ్లకు ఒక మాట: పైనుంచి చూసి వచ్చేయకండి. రివర్‌డేల్ పార్క్ దగ్గర పాదచారుల వంతెన మెట్లు దిగి, నది పక్క కాలిబాటలో ఉత్తరానికి నడవండి. కమాన్ల ఎత్తు, పైన కార్లు, వాటి కింద రైలు, అన్నీ ఒకేసారి కనిపించేది అక్కడి నుంచే.