పెరంబూరులో చూసిన పాత రీల్

మొన్న ఆదివారం మా బావమరిదిని వెంటబెట్టుకుని చెన్నైలోని పెరంబూరు వెళ్లాను. వాడు ఆన్‌లైన్‌లో ఒక పాత ఫిషింగ్ రీల్, అంటే గాలం దారం (లైన్) చుట్టే సాధనం, ఫొటో చూసి మనసు పారేసుకున్నాడు. అమ్మే ఆయన 5,500 చెప్పారట, ఫోన్‌లోనే పంపేయడానికి వీడు సిద్ధమైపోయాడు. "చేత్తో పట్టుకుని తిప్పి చూడకుండా పైసా కూడా పంపొద్దురా" అన్నాను. "అయితే నువ్వూ రా బావా" అన్నాడు. అక్కడ కూర్చున్న గంటన్నరలో ఏమేం చూశానో, ధర ఎలా తేల్చామో వివరంగా రాస్తున్నాను. పాత రీల్ కొనాలనుకునే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే.

నేను అంబత్తూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్‌ని. మా ఊరు సూళ్లూరుపేట దగ్గర. చిన్నప్పుడు పులికాట్ సరస్సులో చేతిదారంతో గాలం వేసేవాళ్లం. రీల్ అన్నది చెన్నై వచ్చాకే పట్టుకున్నాను. పట్టుకోగానే ఇది నాకు తెలిసిన వస్తువే అనిపించింది. మిషన్‌లో దారానికి టెన్షన్ డిస్కులు ఉంటాయి, రీల్‌లో డ్రాగ్ అనే బ్రేకులో వాషర్లు ఉంటాయి. రెండూ చేసే పని ఒకటే: దారాన్ని తెగనివ్వకుండా, వదులైపోకుండా పట్టి పట్టి వదలడం.

తెలిసిన వస్తువే అనుకున్నా 2016లో మోసపోయాను. ఒక పాత సామాన్ల కొట్లో 2,800 పెట్టి తళతళలాడే రీల్ కొన్నాను. కొట్లో తిప్పితే వెన్నలా తిరిగింది. రెండోసారి ఎన్నూరు క్రీక్ ముఖద్వారం దగ్గర వేసినప్పుడు పండుగప్ప తగిలింది. ఇక్కడివాళ్లు కొడువా అంటారు. అది ఒక్క లాగు లాగేసరికి హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి నా వేలి కణుపుల మీద కొట్టింది. లైన్ చిక్కుపడి తెగింది, చేప పోయింది. ఇంటికొచ్చి విప్పితే లోపల గ్రీజు ముద్దలు ముద్దలుగా కూరి ఉంది. గేరు పళ్లు అరిగిన చప్పుడు బయటికి రాకుండా ఎవరో నింపేశారు. ఆ గ్రీజు యాంటీ రివర్స్ క్లచ్‌లోకి కూడా పాకింది. ఆ క్లచ్‌లో పుల్లల్లాంటి సన్నటి రోలర్లుంటాయి. హ్యాండిల్‌ని ముందుకు తిరగనిచ్చి వెనక్కి తిరగకుండా బిగబట్టేది అవే. చిక్కటి గ్రీజు తగిలితే అవి పట్టవు, జారతాయి. ఆ చేప బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటినుంచి, మరీ వెన్నలా తిరిగే పాత రీల్ చూస్తే నాకు అనుమానమే ముందు వస్తుంది.

పెరంబూరు ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. సొంతూరు గూడూరు వైపు. తలుపు తీసి మేం తెలుగులో మాట్లాడుకోవడం వినగానే "మనోళ్లేనా నాయనా" అని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా నీళ్ల దగ్గరకి పోలేదట. రీల్‌ని పాత తువ్వాలులో చుట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టారు. 4000 సైజు, అల్యూమినియం బాడీ. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఏ కంపెనీదైనా చూడాల్సినవి ఇవే.

రీల్ ముట్టుకోకముందు నేను ఒకటే ప్రశ్న అడుగుతాను. "చేపలకెళ్లి ఇంటికొచ్చాక దీన్ని ఏం చేసేవారండీ?"

"ముందు డ్రాగ్ బిగిస్తా. కొళాయి సన్నంగా వదిలి కడుగుతా. గుడ్డతో తుడిచి, డ్రాగ్ వదులు చేసి నీడలో పెడతా" అన్నారు.

ఈ జవాబు వినగానే నా భయం సగం తగ్గింది. "శుభ్రంగా కడిగేవాణ్ణి" అని ఎవరైనా అంటారు. కడిగే ముందు డ్రాగ్ బిగించాలని మాత్రం నిజంగా కడిగేవాళ్లకే తోస్తుంది. వదులుగా ఉంటే నీళ్లు వాషర్ల మధ్యకి దిగుతాయి. కడిగాక వదులు చేయకపోతే వాషర్లు నలిగి పలకబారిపోతాయి. నీళ్లు కూడా సన్నటి ధారగానే పడాలి. పైపు పెట్టి జోరుగా కొడితే ఉప్పు బయటికి రాకపోగా ఇంకా లోపలికి పోతుంది. మన తీరంలో వాడిన రీల్‌కి వయసు సంవత్సరాల్లో చూడను. ఎన్నిసార్లు ఉప్పునీళ్లు తగిలాయి, తగిలిన ప్రతిసారీ ఏం చేశారు, అదే దాని వయసు.

తర్వాత స్క్రూలు. తలలు నలిగి ఉంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్‌తో విప్పారని అర్థం. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో చెప్పగలగాలి. పెయింట్ కింద బొబ్బలు లేచాయా అని గోటితో తడిమి చూశాను. బొబ్బ కింద తెల్లపొడి ఉంటే అల్యూమినియం తినేస్తోందన్నమాట. మెగ్నీషియం బాడీ అయితే ఉప్పుకి ఇంకా త్వరగా పాడవుతుంది, దానికి బొబ్బ కనబడితే నేను బేరమే ఆడను. ఈయన రీల్‌కి ఫుట్ దగ్గర గీతలు తప్ప ఏమీ లేవు. రాడ్‌కి బిగించిన చోట గీతలు పడక తప్పదు, వాటికి ధర తగ్గించమని అడగడం అన్యాయం. ఫుట్ మెడ దగ్గర వెంట్రుకంత పగులు ఉందా అన్నది మాత్రం వెలుతురులో పెట్టి చూడాలి.

హ్యాండిల్ స్క్రూ విప్పి ఆ బోలులోకి టార్చి కొట్టాను. ఇది 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తర్వాత నేర్చుకున్న పాఠం. ఆ తర్వాత వేళచ్చేరిలో ఒక రీల్ చూడబోయాను. పైన అద్దంలా తుడిచారు, లోపలి బోలు అంచున బూడిదరంగు బురద ఎండి ఉంది. వరదనీళ్లలో మునిగిన రీల్ అది. అలాంటిది తిరుగుతుంది, కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది, ఆ తర్వాత బేరింగులు ఒక్కొక్కటిగా తుప్పుతో మొరాయిస్తాయి. ఈయనది శుభ్రంగా ఉంది.

ఇక తిప్పి చూడటం. ఖాళీగా గాలిలో తిప్పితే ఏ రీలైనా మంచిదే. బరువు మీద తిప్పాలి. లైన్ చివర బావమరిది చేతికిచ్చి, మెల్లగా బిగబట్టి వదలమని చెప్పి నేను చుట్టాను. మిషన్ల దగ్గర చేసినట్టే చిన్న స్క్రూడ్రైవర్ మొనని బాడీకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి పెట్టుకున్నాను. గేరు పళ్లు ఎలా ఉన్నాయో అందులో తెలిసిపోతుంది. పొడిగా, సమంగా వచ్చే సన్నటి గర్ర్ అంటే గ్రీజు ఆరిపోయింది, అది నా చేతిపనితో పోయేది. చుట్టుకోసారి ఒకేచోట టిక్ మంటే ఒక పన్ను దెబ్బతింది, అది నా చేతిలో లేదు. ఇందులో గర్ర్ వినిపించింది, టిక్ లేదు. "ఏం వినపడతాంది నాయనా?" అని ఆయన ముందుకి వంగారు. స్క్రూడ్రైవర్ ఆయన చేతికిచ్చి విననిచ్చాను. చాలాసేపు విన్నారు.

బాడీ మీద గేరు నిష్పత్తి 6.2:1 అని ఉంది. రోటర్‌కి, అంటే లైన్ చుట్టుకునే స్పూల్ చుట్టూ తిరిగే భాగానికి, చిన్న టేపు ముక్క అంటించి హ్యాండిల్ అయిదు చుట్లు తిప్పితే రోటర్ 31 చుట్లు తిరగాలి. తిరిగింది. లోపల వేరే నంబరు గేర్లు వేయలేదని తేలింది. రోటర్‌ని వెనక్కి టక్కున ఓ ఇరవైసార్లు కొట్టి చూశాను, ఒక్కసారీ జారలేదు. స్పూల్ అంచు చుట్టూ దూది రాశాను, ఎక్కడా పోగు పట్టుకోలేదు. అక్కడ సన్నటి నొక్కు ఉన్నా విసిరినప్పుడు లైన్ కోసుకుపోతుంది. హ్యాండిల్ నాబ్ కాస్త ఊగింది. బావమరిది దాన్ని పట్టుకుని ధర తగ్గించబోయాడు, వద్దన్నాను. అది చిల్లర పని.

తప్పులు రెండు దొరికాయి.

మొదటిది డ్రాగ్. నా దగ్గర స్ప్రింగ్ త్రాసు ఉంటుంది. లైన్ కొక్కేనికి తగిలించి, డ్రాగ్‌ని మూడు కిలోల దగ్గర పెట్టి లాగాను. లైన్ తెగే బరువులో మూడోవంతు దగ్గర డ్రాగ్ పెట్టుకోవడం నా అలవాటు. మంచి డ్రాగ్ అయితే ముల్లు మూడు దగ్గరకొచ్చి అక్కడే నిలబడి లైన్ వదులుతుంది. ఇది నాలుగు దాకా ఎక్కి, పట్టు విడిచి, రెండున్నరకి పడిపోయింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. చేప మొదటి పరుగులో ఆ ఎక్కుడు దగ్గరే లైన్ తెగుతుంది. స్పూల్ విప్పితే ఫెల్ట్ వాషర్లు నలిగి, ఇస్త్రీ చేసిన గుడ్డలా మెరుస్తున్నాయి. "మీరు వదులు చేసి పెడతానన్నారు కదండీ" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చివరిసారి నాకు మెట్లెక్కడం కాలేదు. మా మనవడు కడిగి పెట్టాడు" అన్నారు. పిల్లాడు బిగించడం గుర్తుపెట్టుకున్నాడు, వదులు చేయడం మరిచాడు. రెండేళ్లు అలాగే బిగుసుకుని ఉన్నాయి.

రెండోది లైన్ రోలర్. బెయిల్ (లైన్‌ని పట్టి స్పూల్ మీదకి చుట్టించే వంపు తీగ) పక్కన శనగగింజంత ఉంటుంది, లైన్ అంతా దాని మీదనుంచే మలుపు తిరుగుతుంది. గోటితో తోశాను, కదల్లేదు. దగ్గరగా పెట్టి చూస్తే ఒకపక్క చక్కెర పలుకుల్లా ఉప్పు గడ్డకట్టి ఉంది, మధ్యలో బ్రెయిడ్ (అల్లిన) లైన్ కోసిన గీత. మా మిషన్లలో దారం గైడ్లు కూడా అచ్చం ఇలాగే అరుగుతాయి. నూలు దారం ఇనుముని కోస్తుందంటే కొత్తగా చేరిన పిల్లలు నమ్మరు, నేను వేలు పట్టి తడిమిస్తాను. రోలర్ తిరగకపోతే లైన్ ఒకేచోట రాసుకుని గీత పడుతుంది, ఆ గీత మళ్లీ లైన్‌ని తింటుంది. కొళాయి నీళ్లు అక్కడికి సరిగ్గా చేరవు. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక చుక్క నూనె వేయాల్సిన చోటు అది.

ఇక ధర. నేను పెట్టె మీది ఎమ్మార్పీ చూడను, ఇవాళ కొత్తది ఎంతకి దొరుకుతోందో చూస్తాను. ఆ రోజు అది 9,000కి ఉంది. విడిభాగాలు ఇంకా దొరికే మోడల్, గేర్లు బాగుంటే అందులో 60 శాతం నా లెక్క. వారంటీ లేదు, సర్వీసు మనమే చేసుకోవాలి, అందుకు ఆ 40 పోతుంది. కంపెనీ తయారీ ఆపేసిన మోడల్ అయితే మూడోవంతు కూడా పెట్టను. బేరింగులు ప్యారిస్ కార్నర్ వైపు కొలత చెప్పి తెచ్చుకోవచ్చు గానీ గేరు ఎక్కడినుంచి తెస్తాం? డైవా కంపెనీ వాళ్ల మ్యాగ్‌సీల్డ్ రీళ్లు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. అందులో అయస్కాంతం పట్టి ఉంచే ప్రత్యేకమైన నూనె ఉంటుంది, ఇంట్లో విప్పి మామూలు నూనె వేస్తే ఆ సీలు పోయినట్టే. సైజు నంబర్లు కూడా గుడ్డిగా పోల్చకూడదు. 2018లో ఎల్‌టీ అనే కొత్త వరస రీళ్లు రాకముందు డైవా 2500 సైజు అంటే షిమనో కంపెనీ 2500 కన్నా పెద్దది.

పెద్దాయన ముందే కాగితం మీద రాశాను. 9,000లో 60 శాతం 5,400. డ్రాగ్ వాషర్లకి 400, బేరింగుతో సహా రోలర్‌కి 450 తీస్తే 4,550. గ్రీజుకి ఏమీ తీయలేదు, అది నా పని. ఎందుకు తగ్గిస్తున్నామో వస్తువు మీద వేలుపెట్టి చూపించాలి. "ఫైనల్ ఎంత" అని మెసేజ్ పెట్టి అమ్మేవాళ్లని విసిగించడం నాకు నచ్చదు. ఆయన ఆ రీల్‌తో ఎన్ని తెల్లవారుజాములు గడిపారో.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చదివారు. 450 దగ్గర వేలు ఆపారు. ఏమీ అనకుండా లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లారు. బావమరిది నావైపు కంగారుగా చూశాడు, కోపం వచ్చిందేమోనని. చాలాసేపటికి ఒక పాత మాత్రల డబ్బాతో వచ్చారు. మూత తీస్తే నూనె కాగితంలో చుట్టిన కొత్త రోలర్, పక్కన బేరింగ్, అడుగున నాలుగు మడతలు పెట్టిన రీల్ భాగాల బొమ్మ కాగితం. "తెప్పించి పెట్టుకున్నా. వేసే లోపల మోకాళ్లు పట్టేసినాయి" అన్నారు.

కాగితం మీద 450 కొట్టేసి 5,000 అని రాశాను.

అక్కడే టేబుల్ మీద తువ్వాలు పరిచి విప్పాం. పాత రోలర్ తోస్తే రాలేదు, ఒక చుక్క నూనె వేసి ఆగితే ఉప్పుపొడి రాల్చుకుంటూ ఊడొచ్చింది. వాషర్లు ఏ క్రమంలో ఉన్నాయో బొమ్మ కాగితంలో వేలుపెట్టి ఆయనే చూపించారు. కొత్త రోలర్ వేసి స్క్రూ బిగించి రీల్ ఆయన చేతికిచ్చాను. గోటితో ఒకసారి తోశారు. తిరిగింది. ఇంకోసారి తోసి, బావమరిది చేతిలో పెట్టి, "డ్రాగ్ వదులు చేసి సంచిలో పెట్టుకో నాయనా" అన్నారు.