పక్క స్థలంలో పాతిక ఫ్లాట్లు: మా కాలనీ అనుభవం

మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు పాత కాలనీ. ఎనభైల్లో ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగులు జీతాల్లో మిగుల్చుకుని కొనుక్కున్న స్థలాలు. వేపచెట్టో మామిడిచెట్టో లేని గేటు అరుదు. 2022లో మా పక్క రెండిళ్లవాళ్లు కలిసి స్థలం డెవలప్‌మెంట్‌కి, అంటే ఫ్లాట్లు కట్టి అందులో వాటా ఇచ్చేలా బిల్డర్‌కి, ఇచ్చేశారు. ఒక్కోటి ఐదొందల గజాలు. ఇద్దరి పిల్లలూ అమెరికాలో స్థిరపడ్డారు, పెద్దవాళ్లకు అంత ఇల్లు చూసుకునే ఓపిక లేదు. రెండు కుటుంబాలు ఉన్నచోట సెల్లార్, స్టిల్ట్ (స్తంభాల మధ్య పార్కింగ్‌కి వదిలే అంతస్తు), పైన ఐదంతస్తులు, మొత్తం పాతిక ఫ్లాట్లు వస్తాయని తెలిసింది.

ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌కి ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. బోర్లు ఎండిపోతాయని ఒకరు, డ్రైనేజీ పొంగుతుందని ఒకరు, కార్లన్నీ మన గేట్ల ముందే పెడతారని ఇంకొకరు. ఎదురింటి అంకుల్ మాత్రం "ఇక నేను బనీనుతో డాబా మీద కూర్చోలేనా అమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు కానీ, నిజానికి మా అందరి బాధా అదే. కాలనీ ప్రశాంతత దెబ్బతింటుంది కనుక అనుమతి రద్దు చేయమని ఒక అర్జీ రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాం. జాయింట్ సెక్రటరీని కాబట్టి పట్టుకెళ్లే పని నా మీద పడింది.

టౌన్ ప్లానింగ్ అధికారి అర్జీ మొత్తం ఓపిగ్గానే చదివారు. "మేడం, ఇందులో బిల్డర్ ఏ రూల్ తప్పాడో రాయలేదే?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత రూల్స్ చదవడం మొదలుపెట్టాను. ముందు నన్ను ఆశ్చర్యపరిచింది ఎఫ్‌ఎస్‌ఐ సంగతి. స్థలం ఇంత ఉంటే ఇంత విస్తీర్ణమే కట్టాలనే ఆ పరిమితి చాలా నగరాల్లో ఉంది. హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో దాన్ని ఎత్తేశారు. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారి. స్థలం సైజు, రోడ్డు వెడల్పు చూసి ఎత్తు ఎంతో, చుట్టూ ఎంత ఖాళీ వదలాలో చెబుతుంది, అంతే. ఆ లోపల నాలుగు కుటుంబాలు ఉంటాయా నలభై ఉంటాయా అన్నది దానికి పట్టదు. పార్కింగ్ కూడా కార్లను లెక్కపెట్టి ఇవ్వరు, కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం అని ఇస్తారు. ఒక్కో ఇంటికి రెండు కార్లున్నా ఆ శాతం మారదు. మీటింగ్‌లో మేం గొంతు చించుకున్న విషయాల్లో సగానికి ఏ పుస్తకంలోనూ చోటు లేదన్నమాట.

మిగిలిన సగానికి చోటుంది. అది పట్టుకోవాలంటే బిల్డర్‌కి ఏం మంజూరు చేశారో కాగితం మీద చూడాలి. సమాచార హక్కు కింద పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించి దరఖాస్తు పెట్టాను. "ఎందుకు అనుమతి ఇచ్చారు?" లాంటి ప్రశ్నలు వేయలేదు. అలాంటివాటికి "రికార్డులో లేదు" అని ఒక్క ముక్క రాసి పంపించేయొచ్చు. మంజూరైన ప్లాన్ నకలు, అనుమతి పత్రం, మార్టిగేజ్ అఫిడవిట్ నకలు, ఈ మూడే అడిగాను. ముప్పై రోజుల గడువులోపే వచ్చాయి. మీరూ ఇలాంటి పనిలో దిగితే ఆ మూడో కాగితం మాత్రం మర్చిపోవద్దు. ఎందుకో కింద చెబుతాను.

ప్లాన్ చేతికొచ్చాక కూడా దాన్ని చదవడం ఒక పెద్ద పరీక్ష. పక్క వీధిలో రిటైరైన సివిల్ ఇంజినీరు ఒకాయన ఉన్నారు. మా డైనింగ్ టేబుల్ మీద నీలం గీతల కాగితం పరిచి, మూలలకు ఉప్పు డబ్బా, పప్పు డబ్బా బరువు పెట్టి, వేలితో ఒక్కో గీత చూపించారు. మా గోడ వైపు నాలుగు మీటర్లు వదలాలి. పైన ఐదో అంతస్తుతో సరి. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు, లిఫ్ట్ గది, మెట్ల గది తప్ప ఇంకేమీ లేవు.

సెల్లార్ తవ్వకం జూన్‌లో మొదలైంది. వానాకాలంలో సెల్లార్లు తవ్వొద్దని ఏటా ఆదేశాలు ఇస్తూనే ఉంటారు, తవ్వేవాళ్లు తవ్వుతూనే ఉంటారు. హిటాచీ బకెట్ నేలను తాకినప్పుడల్లా మా వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమనేవి. ఒక రాత్రి గట్టి వాన కురిసింది. తెల్లారి చూస్తే మా ప్రహరీకి అవతల మట్టి జారి, పునాది రాళ్లు పళ్లు బయటపెట్టాయి. గోడకు పైనుంచి కింది దాకా వేలు దూరేంత పగులు. పక్కన స్కేలు ఆనించి, తేదీ పడేలా ఫోటోలు తీశాను. ఈసారి అర్జీ అరపేజీయే: అనుమతి నంబరు, ఫోటోలు, "తవ్వకం ఆపించి, మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ కట్టించగలరు". "ప్రశాంతత" అన్న మాట ఎక్కడా రాయలేదు. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆ వారంలోనే సైటుకి మనుషులొచ్చి పని ఆపించారు. ముందు రిటైనింగ్ వాల్ లేచింది, ఆ తర్వాతే మిగతా పని. మా గోడ కూడా బిల్డరే కట్టించి ఇచ్చాడు. సిమెంటు రంగు మాత్రం ఇప్పటికీ కలవలేదు.

అసలు పోరు ఐదో శ్లాబు పడ్డాక మొదలైంది. పైన ఇనుప చువ్వలు అలాగే వదిలి, ఇటుకలు ఎక్కించడం మొదలుపెట్టారు. పెంట్‌హౌస్! అడిగితే బిల్డర్ తాపీగా, "అందరూ వేసుకుంటున్నదే మేడం. రేపు బీఆర్‌ఎస్ వస్తే ఫైన్ కట్టేస్తాం" అన్నాడు. (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్.) ఆ స్కీమ్ 2015 అక్టోబరు 28కి ముందు కట్టినవాటికే. అది కూడా హైకోర్టు మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆ మాటే చెబితే, "మీరూ రేపో మాపో మాకే ఇస్తారు కదా, ఎందుకీ టెన్షన్?" అన్నాడు. ఒళ్లు మండింది.

మూడో కాగితం అక్కరకొచ్చింది ఇక్కడే. ఇలాంటి బిల్డింగులకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పదిశాతం మున్సిపాలిటీకి తాకట్టు రాయించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టాడని తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (జనం దిగొచ్చనే పత్రం) వచ్చేదాకా ఆ భాగం విడుదల చేయరు. ఆ అఫిడవిట్‌లో ఏ ఫ్లాట్లు తాకట్టులో ఉన్నాయో నంబర్లతో సహా ఉంది. "టెర్రస్ మీద ప్లాన్‌లో లేని నిర్మాణం ఉంది, అది తీసేదాకా ఈ ఫ్లాట్లు విడుదల చేయవద్దు" అని నంబర్లు వేసి మరీ రాశాం. జీహెచ్‌ఎంసీ చట్టం 452 సెక్షన్ కింద బిల్డర్‌కి నోటీసు వెళ్లింది. నోటీసుకు బిల్డర్ పెద్దగా చలించలేదు. కానీ ఫ్లాట్లు చూడటానికి వచ్చేవాళ్లు మా ఎదురింటి అంకుల్‌ని "ఈ బిల్డింగు ఎలా ఉంది?" అని అడిగేవారు. ఆయన డాబా మీంచే ప్లాన్ నకలు చూపించేవారు, బనీనుతోనే. బ్యాంకు లోన్ మీద కొనేవాళ్లు అది విని వెనకాడారు. ఒకరోజు కూలీలు సుత్తులతో పైకెక్కి ఆ ఇటుక గోడలు దించేశారు.

అన్నీ మా లెక్కన జరగలేదు. నాలుగు మీటర్లు ఉండాల్సిన చోట టేపు పెడితే కొంచెం తక్కువే వచ్చింది. పక్కల, వెనక పదిశాతం దాకా తేడాను జరిమానాతో సర్దుకోవచ్చట, ఆ లోపలే ఉంది కాబట్టి వదిలేశాం. సాయంత్రమైతే రోడ్డుకి ఒక పక్కంతా కార్లే. మా కోశాధికారి మొదటి అర్జీలో మొదటి సంతకం పెట్టిన మనిషి. ఆయన మొన్న తన ఇంటిని కూడా డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ఆయన్ని ఏమీ అనలేను. మా అమ్మాయి మియాపూర్‌లో ఉండేదీ ఇలాంటి ఫ్లాట్‌లోనే, ఆ బిల్డింగు వచ్చినప్పుడు పక్కింటివాళ్లు ఎంత తిట్టుకున్నారో!

ఇప్పుడు పాతిక ఫ్లాట్లలోనూ జనం దిగారు. అసోసియేషన్‌లో చేరి చందా కడుతున్నారు. డ్రైనేజీ సమస్య మాత్రం అలాగే ఉంది. 2021 నుంచి శివారు సర్కిళ్లలో డ్రైనేజీ జలమండలి (నగర మంచినీటి, మురుగునీటి బోర్డు) కిందికి వచ్చింది కాబట్టి, పెద్ద పైపు లైను కోసం ఈసారి అర్జీ అక్కడ పెట్టాం. ఎన్ని ఇళ్లు, ఎంతమంది అని రాయాల్సిన గడి ఒకటుంది అందులో. ఫ్లాట్లవాళ్లవీ కలిపి రాశాం. ఎస్టిమేట్ తయారవుతోందన్నారు. కోశాధికారిగారి స్థలానికి కూడా ప్లాన్ మంజూరైంది. నకలు ఆయనే తెచ్చి ఇచ్చారు, ఇంజినీరుగారికి ఖాళీ ఉన్న రోజున చూడాలి.