పాలసీ తీసేశాను, పెన్‌డ్రైవ్ మాత్రం రాలేదు

మా ఆఫీసులో పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా నాలుగేళ్ల కిందట గ్రూప్ పాలసీ (సర్వర్ నుంచి విండోస్ కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి వర్తించే సెట్టింగులు) పెట్టింది నేనే. మొన్న ఆడిట్ వాళ్లు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే కావాలన్నారు. అకౌంట్స్ వాళ్లకి అడ్డు తీసేయమని మేనేజర్ గారు చెప్పారు. ఆ సెక్షన్ కంప్యూటర్లకి పాలసీని తగిలించే లింకును సర్వర్‌లో తీసేయడం అర నిమిషం పని. తీసేసి, "అయిపోయింది సార్" అని చెప్పి టీకి వెళ్లాను.

టీ సగం తాగేలోపే ఫోను. అకౌంట్స్‌లో పెద్దాయన. "ఏం బాబూ, తాళం తీశానన్నావు. తలుపు కదలడం లేదే!"

పాలసీలు వాటంతటవే రిఫ్రెష్ అవ్వాలంటే 90 నిమిషాలు, దానిపైన మరో అరగంట దాకా పట్టొచ్చు. ఆగలేక ఆయన సీటు దగ్గరే, పాలసీలను వెంటనే రిఫ్రెష్ చేసే జీపీఅప్‌డేట్ ఫోర్స్ కమాండ్ కొట్టాను. రాలేదు. రీస్టార్ట్ చేశాను. రాలేదు. ఆ కంప్యూటర్‌కి ఏయే పాలసీలు వర్తిస్తున్నాయో చూపే జీపీరిజల్ట్ రిపోర్టు తీస్తే అందులో ఆ పాలసీ పేరే లేదు. లేని పాలసీ ఎలా అడ్డుకుంటోంది? యాంటీవైరస్ మీద అనుమానపడి ఓ గంట వృథా చేసుకున్నాను. మౌస్ తీసి అదే పోర్టులో గుచ్చితే భేషుగ్గా పనిచేస్తోంది. ఈలోగా మేనేజర్ గారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు, దాంతో టెన్షన్ ఇంకా పెరిగింది.

చివరికి డివైస్ మేనేజర్ తెరిస్తే పెన్‌డ్రైవ్ పక్కన పసుపు గుర్తు, కోడ్ 32. అంటే దాని డ్రైవర్ సర్వీసును ఎవరో ఆపేశారు. ఆ ఎవరో నేనే! విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో సర్వీసెస్ కింద, పెన్‌డ్రైవ్‌లను నడిపే సర్వీసైన యూఎస్‌బీస్టోర్ తెరిచాను. స్టార్ట్ అనే విలువ 4 అని ఉంది. 4 అంటే డిసేబుల్. మామూలుగా 3 ఉండాలి. దాన్ని 3 చేసి పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టగానే టింగుమంది. పెద్దాయన "హమ్మయ్య" అన్నారు.

జరిగింది ఏమిటంటే, రిజిస్ట్రీలో పాలసీల కోసమే కేటాయించిన చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ రాసినవి పాలసీ పోగానే విండోసే తుడిచేస్తుంది. నేను రాసింది అక్కడ కాదు, గ్రూప్ పాలసీలోనే ఉండే ప్రిఫరెన్సెస్ అనే భాగం ద్వారా నేరుగా సర్వీసు విలువలో. అలాంటివి పాలసీ పోయినా ఉండిపోతాయి. మా ఫీల్డ్‌లో దీన్ని టాటూ అంటారు, అచ్చంగా పచ్చబొట్టే. "ఇకపై వర్తించనప్పుడు ఈ ఐటెమ్‌ను తొలగించు" అనే టిక్కు ఒకటి ఉంది, అప్పుడే పెట్టాల్సింది అనుకున్నాను. నిదానంగా ఆలోచిస్తే అది ఇంకా ప్రమాదం. ఆ టిక్కు పాత విలువను తిరిగి తేదు, ఉన్న విలువనే చెరిపేస్తుంది. స్టార్ట్ విలువే లేని సర్వీసుతో ఇంకో తలనొప్పి.

ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి చేత్తో మార్చే ఓపిక లేదు. అందుకే తీసేసిన పాలసీని మళ్లీ లింకు చేసి, లోపల 4 ఉన్నచోట 3 పెట్టాను. సాయంత్రానికి సెక్షన్ అంతా దారికొచ్చింది, ఒక్క ల్యాప్‌టాప్ తప్ప. అది బ్రాంచి లెక్కలు చూడడానికి శ్రీకాకుళం వెళ్లిన అబ్బాయి దగ్గరుంది. అతను మూడు వారాలకు వచ్చాడు. ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించి, పాలసీ అందాక చూస్తే విలువ 3 అయింది. అప్పుడు గానీ పాలసీ జోలికి వెళ్లలేదు. లింకు తీశాక మర్నాడు నాలుగు మెషీన్లు తెరిచి చూశాను. అన్నిట్లోనూ 3 అలాగే ఉంది. ఈసారి పచ్చబొట్టు మనకు కావలసినదే మరి.