టేక్ అనే ఒక్క మాటతో చైనాలో నా తిప్పలు

చైనాలో ఎంబీబీఎస్ అంటే పాఠాలు ఇంగ్లీషులోనే, కానీ పేషెంట్‌కి ఇంగ్లీష్ రాదు కదా. హెచ్‌ఎస్‌కే 4 (చైనీస్ భాష పరీక్షలో నాలుగో లెవెల్) పాసైతేనే ఇంటర్న్‌షిప్ అన్నారు మా కాలేజీలో. అప్పట్లో దానికి 1200 మాటలు నేర్చుకోవాలి, 300 మార్కులకి 180 రావాలి. నేను చేసిన పిచ్చిపని ఏంటంటే ఒక్కో మాట పక్కన ఒక్కో ఇంగ్లీష్ అర్థం రాసుకుని బట్టీ కొట్టడం. చైనీస్‌లో 'నా' అంటే ఇంగ్లీష్ టేక్, అంతే, టిక్కు పెట్టి ముందుకెళ్ళిపోయా.

థర్డ్ ఇయర్‌లో ఓపీ చూపించడానికి తీసుకెళ్ళారు. ఒక పెద్దావిడ (అక్కడ నైనై అని పిలుస్తారు, మన నాయనమ్మే) టాబ్లెట్ల డబ్బా చూపించి ఏదో అడిగింది. రోజుకి మూడుసార్లు అని డబ్బా మీద ఉంది, చదవగలిగానన్న సంబరంలో "యీ థ్యెన్ నా సాన్ త్స్ యావ్" అనేశా. ఆవిడకి నోట మాట రాలేదు. మా ఊరు దూరం, రోజూ మూడుసార్లు రావాలా అంటోంది. నర్సు పరిగెత్తుకొచ్చి "ఛర్! ఛర్ యావ్!" అని చెప్పి పక్కకి తిరిగి ఒకటే నవ్వు. 'యావ్' అంటే మందు, 'నా యావ్' అంటే ఫార్మసీ కిటికీ దగ్గర మందులు తెచ్చుకోవడం అట. మింగడానికైతే 'ఛర్', తినడమే.

ఆ రాత్రి రూమ్‌లో కూర్చుని టేక్ వచ్చే మాటలన్నీ రాశా. బస్సుకి 'జ్వో', కూర్చోవడం. సెలవుకి 'ఛింగ్', అడగడం. బీపీకి 'ల్యాంగ్', కొలవడం. గొడుగు వెంట తీసుకెళ్తే 'దాయ్'. రక్తానికి 'ఛౌ', లాగడం, సిగరెట్‌కీ అదే 'ఛౌ'! తల పట్టుకున్నా. తర్వాత పక్కన తెలుగు రాస్తుంటే వెలిగింది, మనకి మాత్రం ఒక్క మాటేనా? బస్సు ఎక్కుతాం, సెలవు పెడతాం, బీపీ చూస్తాం, మాత్ర వేసుకుంటాం, టానిక్ తాగుతాం, స్నానం చేస్తాం. ఫొటోకీ ఎక్స్‌రేకీ మనం 'తీయడం' అంటాం, వాళ్ళకీ రెండిటికీ ఒకటే, 'పాయ్'. క్రియ ఒక్కటే కలవకపోవచ్చు గానీ పద్ధతి మనదే, పనిని బట్టి మాట మారుతుంది. మధ్యలో ఇంగ్లీష్‌ని దూర్చి నేనే చెడగొట్టుకున్నా.

ఇంకోటి, చెప్పడానికి సిగ్గే. మా నాయనమ్మ ఫోన్లో "మాత్ర ఏసుకున్నావా నాయనా" అంటుంది, నేనేమో "టాబ్లెట్ తీసుకున్నా" అంటా, "క్యాబ్ తీసుకుని వచ్చా" అంటా. అంటే నా తెలుగులోకే ఆ టేక్ ఎప్పుడో వచ్చి కూర్చుంది! అప్పట్నుంచి డౌట్ వస్తే నాయనమ్మ ఏమంటుందా అని ఆలోచించేవాణ్ణి, నోట్స్‌లో ఒంటి మాట రాయడం మానేసి 'ఛర్ యావ్' (మందు వేసుకోవడం), 'జ్వో ఛ' (బండెక్కడం) అని జంటలుగా రాసుకున్నా, రెండు నెలల్లో రెండు నోటుబుక్కులు అయిపోయాయి.

పరీక్షలో చివర్న బొమ్మ చూసి ఇచ్చిన మాటతో వాక్యం రాయాలి, అప్పట్లో అవి అయిదుండేవి. ఒకదాంట్లో పిల్లాడు చెయ్యి చాపి ఏడుస్తున్నాడు, కింద 'దా జన్' అని ఉంది. 'దా' అంటే కొట్టడం, 'జన్' అంటే సూది. పాత నేనైతే సూదిని ఎవరు కొడుతున్నారా అని వెతికేవాణ్ణి. ఈ పిల్లాడికి ఇంజెక్షన్ అంటే భయం అని గబగబా రాసేశా. 221 వచ్చింది.