పూల్ డిగ్రేడెడ్ అని మెయిల్ వచ్చాక

మా ఇంటి సర్వర్ నుంచి మెయిల్ వచ్చిందంటే, మామూలుగా స్క్రబ్, అంటే డేటా అంతా సరిగా ఉందో లేదో చూసే తనిఖీ, సజావుగా ముగిసిందన్న కబురే అయి ఉంటుంది. ఆ రోజు మాత్రం ‘పూల్ డిగ్రేడెడ్’ అని వచ్చింది, అంటే డిస్కులన్నీ కలిపి కట్టిన నిల్వ దెబ్బతిన్నదని. రెండు మిర్రర్ జతలున్న (జతలోని రెండు డిస్కుల మీదా ఒకే డేటా ఉంటుంది) పూల్‌లో ఒక డిస్క్‌ను, ఫైళ్ల నిల్వ చూసుకునే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్ పక్కన పెట్టేసింది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, జతలోని రెండో డిస్క్ పనిచేస్తూనే ఉంది. కానీ ఆ క్షణం నుంచి ఆ జతలో ఉన్నదంతా ఒకే ఒక్క డిస్క్ మీద నిలబడి ఉన్నట్టే. టెన్షన్ అంతా అందుకే.

ఆ పెట్టెలో పెద్ద విశేషమేమీ లేదు. పాత డెస్క్‌టాప్ బోర్డు, 16 జీబీ ర్యామ్, నాలుగు 4 టీబీ డిస్కులు, పైన ట్రూనాస్ అనే నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే నిల్వ పెట్టె) సాఫ్ట్‌వేర్. లోపల ఉన్నవి మాత్రం మళ్లీ ఎక్కడా దొరకవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి ఆల్బమ్‌లన్నీ తడిసిపోయాయి. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే ముఖాలే ఊడొచ్చాయి. మిగిలినవాటిని స్కాన్ చేయించాం. అమ్మమ్మ మంగళహారతులు పాడిన క్యాసెట్లను డిజిటల్‌లోకి ఎక్కించాం. అక్క పెళ్లి వీడియో, నాన్న సర్వీసు కాగితాలు, పొలం దస్తావేజుల స్కాన్లు, అన్నీ అందులోనే.

“ఏటైందిరా, టీవీలో ఫొటోలు మధ్యలో ఆగిపోతున్నాయి?” అని నాన్న కూడా అదే సాయంత్రం అడిగారు. రెండూ ఒకే జబ్బు అని తర్వాత తెలిసింది.

డాబాగార్డెన్స్‌లో ఒక కంప్యూటర్ షాపులో అడిగితే, “డిస్క్ వీకైపోయి ఉంటుందండీ, కొత్తది వేసేయండి” అన్నారు. ఎవరైనా ముందు అనే మాట అదే. అయితే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే లెక్క రాసుకుంటుంది, దాన్నే స్మార్ట్ అంటారు. డబ్బు పెట్టే ముందు ఆ లెక్క చదవాలి. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ ఇస్తే పెద్ద పట్టిక వస్తుంది. అందులో మనకు పనికొచ్చే వరుసలు నాలుగైదే. 5వ నంబరు, ఇప్పటికే పాడై వేరేచోటికి మార్చేసిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడులు). 197, చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు. 198, ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. ఈ మూడూ డిస్క్ లోపలి పళ్లేల పరిస్థితి చెబుతాయి. 199 కథ వేరు. డిస్క్‌కీ బోర్డుకీ మధ్య కేబుల్‌లో వెళ్లే డేటా దారిలో చెడిపోతే ఆ లెక్క అక్కడ పడుతుంది.

మా డిస్క్‌లో 5, 197, 198 మూడూ సున్నా. 199లో మాత్రం 347.

దీనితోపాటు సిస్టమ్ లాగ్ కూడా చూశాను. ఆ డిస్క్ ఉన్న పోర్టు దగ్గర లింక్ రీసెట్ అవుతున్నట్టు వరుసగా లైన్లు పడి ఉన్నాయి. 6 గిగాబిట్ల వేగంతో మొదలైన లింక్ 3కి, ఆ తర్వాత 1.5కి దిగింది. తప్పులు ఎక్కువవుతుంటే ట్రూనాస్ అడుగున నడిచే లినక్స్ తనంతట తనే వేగం తగ్గించి చూస్తుంది. ఇక మిగిలింది కరెంటు అనుమానం. డిస్క్‌కు వెళ్లే పవర్ వైరు లూజైతే అది ఆగి మళ్లీ లేస్తుంది, అప్పుడు 12వ వరుసలోని పవర్ సైకిల్ లెక్క పెరగాలి. అది మిగతా మూడు డిస్కులతో సమానంగానే ఉంది. అంటే కరెంటు సరిగానే అందుతోంది. ఇక చూడాల్సింది డేటా కేబుల్, లేకపోతే బోర్డు మీది పోర్టు.

సర్వర్ ఆపి, సైడ్ ప్యానెల్ తీసి, టార్చ్ వేసి చూశాను. ఎర్ర సాటా కేబుల్ (అదే డేటా కేబుల్) కనెక్టర్ దగ్గరే నిలువునా మడతపడి డ్రైవ్ కేజ్ అంచుకు ఒరుసుకుంటోంది. కొసన ఉండాల్సిన ఇనుప క్లిప్ లేదు. వేలితో తాకితే చాలు, కనెక్టర్ అటూ ఇటూ ఊగింది. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఆ కేజ్ సన్నగా అదురుతుంది. ఆ అదురుకి ఊగే కనెక్టర్‌లో డేటా చెడిపోవడంలో వింతేమీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పక్క డిస్క్ కేబుల్‌తో అటుదిటు మార్చి, తప్పు కేబుల్‌తో వెళ్తుందా, డిస్క్‌తోనే ఉంటుందా చూడమని చాలామంది సలహా ఇస్తారు. ఉపాయం మంచిదే. కానీ ఆ పక్క డిస్క్ అదే జతలో రెండోదైతే మాత్రం ఆ పని అస్సలు చేయకూడదు. ఉన్న ఒక్క మంచి ప్రతిని తీసుకెళ్లి అనుమానపు కేబుల్‌కు తగిలించినట్టవుతుంది. నేను క్లిప్ ఉన్న కొత్త కేబుల్ తెచ్చి, అదొక్కటే మార్చాను. అదే పోర్టు, అదే డిస్క్. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఆన్ చేయగానే వెనకబడిన డిస్క్ తన జత నుంచి కొత్త మార్పులన్నీ తెచ్చుకుంది. జెడ్‌పూల్ క్లియర్ అనే కమాండ్ కొట్టి, పాత తప్పుల లెక్క చెరిపేసి, స్క్రబ్ మొదలుపెట్టాను. స్క్రబ్ అంటే డిస్కుల మీదున్న మన డేటాలోని ప్రతి బ్లాకునూ చదివి, రాసినప్పుడు వేసుకున్న చెక్‌సమ్‌తో (ఆ డేటా నుంచే లెక్కగట్టిన గుర్తు అంకె) పోల్చి చూడటం. తేడా వస్తే జతలోని మంచి ప్రతితో దిద్దుకుంటుంది. మామూలు ఫైల్ సిస్టమ్‌లు డేటా విషయంలో ఈ సరిచూసుకోవడం చేయవు. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ బయటి ప్రపంచానికి ఇచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్‌ను ఇవాళ్టికీ నమ్మి వాడటానికి నాకున్న మొదటి కారణం ఇదే.

స్క్రబ్ ఒక్క తప్పూ లేకుండా ముగిసింది. లింక్ 6 గిగాబిట్ల దగ్గరే నిలబడింది. 199లో 347 అలాగే ఉంది. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, డిస్క్ ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. పెరగకపోతే చాలు. తేదీ వేసి కాగితం మీద రాసి కేస్‌కు అతికించాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లులతోపాటు కేస్ వెనక స్క్రూలకు కూడా తుప్పు పట్టింది. అందుకని స్క్రబ్ సరిగ్గా ముగిశాక మిగతా మూడు కేబుళ్లనూ ఒక్కొక్కటిగా క్లిప్ ఉన్నవాటితో మార్చేశాను.

రెండోసారి వచ్చిన జబ్బు నిజంగా డిస్క్‌దే. రోహిణి కార్తె ఎండల్లో వేరే జతలోని ఒక డిస్క్ లాంగ్ టెస్ట్‌లో (డిస్క్ తనను తాను మొత్తం చదివి చూసుకునే పరీక్ష) ‘రీడ్ ఫెయిల్యూర్’ అని ఆగిపోయింది. ఈసారి 199 సున్నా, 197లో 8. కొన్నాళ్లకు అది 16 అయింది, 5వ వరుస కూడా కదిలింది. ఎనిమిదేసి చొప్పున ఎందుకు పెరుగుతుందంటే, ఈ డిస్కుల్లో అసలు సెక్టార్ 4096 బైట్లది, కంప్యూటర్‌కు మాత్రం 512 బైట్ల లెక్కన చూపిస్తుంది. ఒక అసలు సెక్టార్ పోతే పట్టికలో ఎనిమిది కనిపిస్తాయి. 197లో ఒకసారి అంకె కనిపించి, ఆ చోట మళ్లీ రాశాక సున్నాకు దిగిపోతే కొన్నాళ్లు గమనించవచ్చు. వారం వారం పెరుగుతుంటే మాత్రం ఇక ఆలోచించేదేమీ లేదు, మార్చేయాల్సిందే.

కొత్త డిస్క్ కొనేటప్పుడు చూసుకోవాల్సింది అది సీఎంఆరా, ఎస్ఎంఆరా అన్నది. డిస్క్ మీద ట్రాకులు, అంటే డేటా రాసే వలయాలు, వేసే రెండు పద్ధతులివి. సీఎంఆర్‌లో అవి విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒకటి మార్చాలంటే పక్కవన్నీ కదపాలి. చదవడానికి ఇబ్బంది ఉండదు. కానీ డిస్క్ మార్చాక జతలోని డేటానంతా కొత్తదాని మీద రాసే రీసిల్వర్ పనిలో గంటల తరబడి ఆగకుండా రాయాలి, అక్కడ ఇవి చతికిలబడతాయి. నాస్‌ల కోసమని అమ్మిన కొన్ని మోడళ్లు కూడా ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడ్డాక తయారీదారులు మోడల్ నంబర్ల జాబితాలు పెట్టారు. డబ్బా మీద రాసింది నమ్మకుండా ఆ జాబితాలో మోడల్ నంబరు వెతికి కొన్నాను.

కొత్తదాన్ని నేరుగా పూల్‌లోకి ఎక్కించలేదు. ముందు లాంగ్ టెస్ట్ పెట్టి, బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం రాయించి చదివించాను. 4 టీబీకి ఇది రోజుల తరబడి నడుస్తుంది. కొత్త డిస్కుల్లో కొన్ని మొదటి రోజుల్లోనే పోతాయి. అలాంటిదైతే డేటా ఎక్కకముందే పోనివ్వాలి, షాపులో మార్పిడి గడువు దాటకముందే పోనివ్వాలి. ఆ రోజుల్లోనే బ్యాకప్ తీసి, దాన్ని తెరిచి చూసుకున్నాను. రీసిల్వర్ జరిగేటప్పుడు పాత జత డిస్క్ మీదే బరువంతా పడుతుంది. దాని వయసు కూడా పోతున్న డిస్క్ వయసే.

మార్చడం మాత్రం చిన్న పనే. నాలుగు ట్రేల మీదా సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు రాసిన స్టిక్కర్లు మొదటినుంచీ ఉన్నాయి. తెర మీద చూపించిన సీరియల్, ట్రే మీది సీరియల్ ఒకటేనని నాన్నతో పైకి చదివించుకుని మరీ లాగాను. తప్పు డిస్క్ లాగితే ఏమవుతుందో ఆయనకు చెప్పాక నాకంటే ఆయనే ఎక్కువ జాగ్రత్తగా చదివారు. రీప్లేస్ కొట్టి సాయంత్రం వదిలేస్తే తెల్లారేసరికి పూల్ ‘ఆన్‌లైన్’, అంటే మళ్లీ ఆరోగ్యంగా, అయింది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ చోటును వదిలేసి డేటా ఉన్న బ్లాకుల్నే కాపీ చేస్తుంది కాబట్టి సగం నిండిన డిస్క్‌కు సగం పనే.

మధ్యలో స్పీడు గొడవ ఒకటి వచ్చింది. లాప్‌టాప్ నుంచి కాపీ పెడితే సెకనుకు 11 ఎంబీ దాటట్లేదు. గిగాబిట్ నెట్‌వర్క్‌లో 110 దాకా రావాలి. సరిగ్గా పదోవంతు వేగం కనిపిస్తే డిస్కుల జోలికి వెళ్లక్కర్లేదు, లింక్ 100 మెగాబిట్ల దగ్గర కుదిరిందని అర్థం. 100కి కేబుల్‌లో రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఇంటికి రంగులు వేయించినప్పుడు నెట్‌వర్క్ కేబుల్ కోసి కొత్త ఆర్‌జే45 కనెక్టర్ బిగించారు. అందులో బ్రౌన్ తీగ కొసదాకా చేరలేదు. కనెక్టర్ కోసి మళ్లీ క్రింప్ చేస్తే (తీగలు నొక్కి బిగిస్తే) వేగం తిరిగొచ్చింది.

కరెంటు విషయంలో మా ఊళ్లో తేలిగ్గా ఉండటానికి లేదు. తుఫాను హెచ్చరిక వస్తే గాలికి ముందే సప్లై తీసేస్తారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా అది ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోతుంది. కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలో సర్వర్ రీస్టార్ట్ అయిపోతుంది. అందుకే సర్వర్‌కు విడిగా, అది ఆగకుండా బ్యాటరీకి మారే ఒక లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టాను. యూపీఎస్ వెనక ఉండే యూఎస్‌బీ పోర్టును చాలా ఇళ్లలో ఎవరూ వాడరు. ఆ కేబుల్ సర్వర్‌కు కలిపి ట్రూనాస్‌లో యూపీఎస్ సర్వీసు ఆన్ చేస్తే, బ్యాటరీ తగ్గుతున్నప్పుడు సర్వర్ తనే పద్ధతిగా ఆగిపోతుంది. సెట్టింగ్ పెట్టి వదిలేస్తే చాలదు, గోడ దగ్గర స్విచ్ ఆపి నిజంగా ఆగుతుందో లేదో పక్కన కూర్చుని చూడాలి. లోపలి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది కాబట్టి ఈ పరీక్ష ఏటా వానాకాలానికి ముందు మళ్లీ చేస్తున్నాను.

డాలస్‌లో ఉన్న అక్క ఫొటోలు చూడాలంటే సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టేయొచ్చు కదా అని బావగారు అడిగారు. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్‌సమ్‌వేర్‌లు అలా నెట్‌కు తెరిచి ఉన్న ఇంటి నాస్‌ల మీదే పడి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగాయి. బయటి నుంచి లోపలికి వచ్చే నెట్‌వర్క్ పోర్టులేమీ తెరవకుండా, మన పరికరాలను మాత్రమే రహస్య దారిలో కలిపే టెయిల్‌స్కేల్ పెట్టాం. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల ఇంటర్నెట్ చిరునామా) ఉండదు, దానికీ ఇదే మందు. అక్క లాగిన్‌కు చదివే హక్కు మాత్రమే ఇచ్చాను. ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో గుర్తుంచుకునే స్నాప్‌షాట్లు రోజూ పడుతున్నాయి, ఎవరైనా పొరపాటున ఫోల్డర్ చెరిపేసినా వెనక్కి తేవచ్చు.

మిర్రర్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అని అడిగేవాళ్లకు నేను గట్టిగానే చెబుతాను. ఒక డిస్క్ మీద ఫైల్ చెరిపితే రెండోదాని మీద కూడా అదే క్షణంలో చెరుగుతుంది. దొంగతనం, పిడుగు, వరద ఏది వచ్చినా నాలుగు డిస్కులూ ఒకే పెట్టెలో ఉన్నాయి. హుద్‌హుద్‌లో తడిసిన ఆల్బమ్‌లు కూడా ఒకే గదిలో ఉండబట్టే అన్నీ తడిశాయి. అందుకే ఎన్‌క్రిప్ట్ చేసిన రెండు యూఎస్‌బీ డిస్కులు పెట్టుకున్నాం. ఒకటి ఇక్కడ, ఒకటి విజయనగరంలో పిన్ని వాళ్లింట్లో. పండక్కో పెళ్లికో వెళ్లినప్పుడల్లా అక్కడిది తెచ్చి ఇక్కడిది ఇచ్చి వస్తాం. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి నాన్న బీరువాలో దస్తావేజులతో పాటు ఉంచాం, నేను లేకపోయినా ఇంట్లోవాళ్లు తెరవగలగాలి.

ఇప్పుడు స్క్రబ్ నెల మొదట్లో, లాంగ్ టెస్ట్ నెల మధ్యలో నడుస్తున్నాయి. రెండూ ఒకేసారి పడితే డిస్కులు వేడెక్కి, పని కూడా నత్తనడకన సాగుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటితే మెయిల్ వచ్చేలా పెట్టి, ముందు ఫ్యాన్ జాలీ దుమ్ము దులుపుతున్నాను. విజయనగరం నుంచి డిస్క్ వచ్చినప్పుడల్లా అందులోంచి ఏదో ఒక ఫోల్డర్ లాప్‌టాప్‌లోకి తీసి తెరిచి చూస్తాం. పోయినసారి అమ్మ అమ్మమ్మ క్యాసెట్ల ఫోల్డర్ ఎంచుకుంది, ఫైళ్లన్నీ మొదటినుంచి చివరిదాకా పాడాయి. రెండో జతలో మిగిలిన పాత డిస్క్ 197వ వరుస ఇంకా సున్నాలోనే ఉంది. దాని బదులు ఎక్కించడానికి, పరీక్షించిన డిస్క్ ఇంకోటి సిద్ధంగా ఉంచాను.