మంచం కింద దూరిన సంస్కర్త

ఆధునికత గురించి ఎవరు లెక్చరిచ్చినా నాకు గురజాడ 'కన్యాశుల్కం' నాటకంలోని గిరీశమే గుర్తొస్తాడు, ఏం చెయ్యను. నోట్లో చుట్ట, మాటకు ముందు ఇంగ్లీషు, వితంతు వివాహాల మీద గంటలకొద్దీ ఉపన్యాసం, తిండేమో పూటకూళ్లమ్మ ఇంట్లో, చివరికి ఆవిడకే ఎగనామం. ఆ నాటకం విజయనగరంలో తొలిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఇన్నేళ్లయినా ఈ మనిషి పాతబడడు. ఇవాళ ఫేస్‌బుక్‌లో కూచోబెడితే పొద్దున్నే ఓ పోస్టు పెట్టి సాయంత్రానికి వెయ్యి లైకులు కొట్టేస్తాడు.

సాహిత్యం సమాజానికి అద్దం అని బళ్లో వ్యాసాలు రాసీ రాసీ ఆ మాటంటేనే విసుగు పుట్టింది నాకు. ఉన్నది ఉన్నట్టు చూపించడమే పనైతే దానికి నాటకం దేనికి, లెక్కలు చాలు. ఆ లెక్కలూ ఉన్నాయి: విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల (అంటే ఆడపిల్లకి ధర కట్టి చేసే పెళ్లిళ్ల) జాబితా విజయనగరం ఆనంద గజపతి మహారాజు తీయిస్తే 1,034 తేలాయని గురజాడే తొలి ముద్రణ ముందుమాటలో రాశాడు. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది వయసు పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. చదువుతుంటే కడుపులో దేవినట్టవుతుంది. అయితే ఆ జాబితాలో చిన్నపిల్లని కొనుక్కోబోయే ముసలి లుబ్ధావధాన్లు లాంటివాడు ఉంటాడు, అమ్మకానికొచ్చిన సుబ్బి లాంటి పిల్ల ఉంటుంది, గిరీశం మాత్రం ఉండడు, ఎందుకంటే అతను ఎవర్నీ కొనలేదు, అమ్మలేదు, పైగా ఆ దురాచారాన్ని ఖండించే పక్షం. అతన్ని పట్టుకోవడానికి నాటకమే కావాల్సొచ్చింది.

నాటకంలో వేశ్య మధురవాణి ఇంట్లో మంచం సీను చూడండి. వచ్చింది గిరీశమని తెలిసి రామప్పపంతులు మంచం కింద దూరతాడు, కాసేపటికి పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తే గిరీశమూ అక్కడికే దూరతాడు. ఒకడు కోర్టు తగువుల పాతకాలపు జిత్తులమారి, ఇంకొకడు కొత్త చదువుల సంస్కర్త, ఇద్దరికీ దాక్కోవడానికి దొరికింది ఒకటే మంచం! మనం అక్కడ పడీపడీ నవ్వుతాం, కానీ ఆధునికత మీద తెలుగులో ఇంతకంటే ఘాటైన విమర్శ నాకింకెక్కడా కనపడలేదు.

1909లో గురజాడ నాటకాన్ని బాగా పెంచి తిరగరాశాడు, మధురవాణి పాత్ర అప్పుడే ఇంత ఎదిగింది. ఆవిడ సంస్కరణ గురించి ఒక్క ఉపన్యాసమూ ఇవ్వదు, ఎదుటివాడు చెప్పింది నమ్మే ముందు ఓ ప్రశ్న వేస్తుంది, అంతే. వేశ్య ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న వకీలు సౌజన్యారావు పంతులు ఎంత మంచివాడైనా ఆ ప్రశ్నల ముందు తడబడతాడు, నాకు భలే నచ్చుతుందది. అనుకున్నదాన్ని మళ్లీ తరచి చూసుకోగలగడమే ఆధునికత అయితే ఆ నాటకంలో అది పుష్కలంగా ఉన్నది ఈవిడ దగ్గరే, ఇంగ్లీషు చదివినవాళ్ల దగ్గర కాదు.

కన్యాశుల్కం ఆచారం పోయింది. నాటకం వల్లే పోయిందని నేననను. ధర ఆడపిల్ల దగ్గర్నుంచి మగపిల్లాడికి మారిందంతే, 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక దాన్ని 'మా అమ్మాయికి మేం పెట్టుకునేది' అంటున్నాం. అబ్బాయి అమెరికాలో ఉంటే రేటు ఇంకో రకం. కట్నాలు తప్పని స్టేటస్ పెట్టి, ఆ సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారులే అని పక్కకి తప్పుకునే పెళ్లికొడుకులు మనందరి ఇళ్లలోనూ ఉన్నారు, కాదంటారా?

ఈ నాటకం మీద 1955లో వచ్చిన సినిమాలో గిరీశం వేషం ఎన్టీఆర్ వేశాడు, మధురవాణిగా సావిత్రి. అందులో తప్పేం లేదు గానీ, మనం బట్టీపట్టి సందర్భం వచ్చినప్పుడల్లా విసిరే డైలాగుల్లో ఎక్కువ గిరీశానివే, మధురవాణి మాట ఒక్కటి చెప్పమంటే చాలామంది తల గోక్కుంటారు.